ఏ మాసంలో పెళ్లి, ఏ పూలు: కర్నూలు, కడప, అనంతపురం వాళ్లకు పనికొచ్చే లెక్క

లగ్నపత్రిక చేతికొచ్చిన రోజే పూల సంగతి కూడా తేల్చుకోండి. మండపం, వంటవాళ్లు, మేళం అన్నీ మాట్లాడుకున్నాక ఆఖరి వారంలో పూలంగడికి పోతే, ఆ రోజు అంగట్లో ఉన్నవే మీ పెళ్లి పూలవుతాయి.

ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: పెళ్లి ఏ మాసంలో, ముహూర్తం ఏ గంటకు, పూలు ఏ ఊరి నుంచి రావాలి. చాలామంది మొదటిది ఒక్కటే చూస్తారు. నిజానికి పెళ్లిలో పూలు చెడిపోయేది ఎక్కువగా గంట దగ్గర, దూరం దగ్గర.

గంటతో మొదలుపెట్టండి

మల్లెమొగ్గను తెల్లవారకముందే కోస్తారు. అదే రోజు సాయంత్రం, దీపాలు పెట్టే వేళ దాటాక విచ్చుకుంటుంది. మరుసటి ఉదయానికి అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. ముహూర్తాన్ని ఈ లెక్కతో పోల్చి చూడండి.

రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య ముహూర్తమైతే మల్లెకు అంతకన్నా మంచి గంట లేదు. పొద్దున వచ్చిన మొగ్గలను సాయంత్రం నాలుగు లోపల కట్టించేయండి. మంగళసూత్రం కట్టే వేళకు అవి విచ్చి మండపమంతా వాసనొస్తుంది.

ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు మధ్య అయితే ఆ రోజు కోసిన మొగ్గలు ఏడింటికల్లా చేతికి అందాలి. అవి విచ్చుకోవు, వాసన తక్కువగానే ఉంటుంది. కానీ జడలో తెల్లగా, గట్టిగా, గీసినట్టు కనిపిస్తాయి. ఫొటోలకు ఇదే బాగుంటుంది.

తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య ముహూర్తమే తిప్పలు పెట్టేది. ముందు రోజు పొద్దున కోసిన మొగ్గ రాత్రికే విచ్చిపోయి, ముహూర్తానికి వడలిపోతుంది. ఇలాంటి పెళ్లికి మల్లెను జడ వరకే పెట్టుకోండి. కట్టిన మొగ్గలను మధ్యాహ్నం నుంచే ఐసు పెట్టెలో ఉంచి, పెళ్లికూతురు తయారయ్యే వేళకు బయటికి తీయండి. చల్లదనంలో మొగ్గ విచ్చుకోవడం ఆలస్యమవుతుంది. దండలకు రోజా, కనకాంబరం, చామంతి ఎంచుకోండి.

మాసాల వారీగా

ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎలాగూ పెళ్లిళ్లకు రావు. పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే కాలాన్ని నాలుగు భాగాలుగా చూస్తే సరిపోతుంది.

మాఘం, ఫాల్గుణం (జనవరి చివరి నుంచి మార్చి వరకు) పూలకు హాయైన కాలం. చామంతి ఇంకా ఉంటుంది, బంతి దొరుకుతుంది, ఎండ ముదరదు, పూలు ఒక రోజు ఎక్కువే నిలుస్తాయి. మాఘంలో మల్లె మాత్రం తక్కువ. చలికి చెట్టు మొగ్గ వేయదు, దొరికిన కాస్త కూడా చాలా ధర పలుకుతుంది. అదే వేళ తమిళనాడులో తై మాసపు పెళ్లిళ్లు నడుస్తుంటాయి కాబట్టి అటు నుంచి వచ్చే పూలకు గిరాకీ ఇంకా పెరుగుతుంది. మాఘంలో జడకు కాగడా మల్లెలు వాడండి. వాటికి వాసన ఉండదనే చెప్పాలి, కానీ తెలుపు నిలుస్తుంది. వాసన కోసం మధ్యలో నాలుగు రెమ్మలు మరువమో దవనమో కలపమనండి. ఫాల్గుణం సగం దాటాక మల్లె ధర దిగుతుంది.

వైశాఖ, జ్యేష్ఠాలు (ఏప్రిల్ చివరి నుంచి జూన్ వరకు) మన దగ్గర పెద్ద పరీక్ష. కర్నూలులో, కడపలో మే నెలలో 42 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఈ కాలానికి మల్లె రాజు: ధర తక్కువ, మొగ్గ లావు, వాసన ఎక్కువ. కదిరి మల్లెలకు పేరుంది కదా, అనంతపురం వైపు వాళ్లు ముందు దాన్నే అడగండి. జడ, ముత్తైదువులకు పంచే పూలు, తెరలు, శోభనం గది అన్నీ మల్లెతోనే నడిపించవచ్చు.

ఎండాకాలంలో ఏవి వద్దు? ఆరుబయట పండిన రోజా పొద్దున మొగ్గగా ఉండి మధ్యాహ్నానికి విచ్చి రేకులు రాలుస్తుంది. ఎండకు పువ్వు చిన్నదవుతుంది, రంగు వెలిసిపోతుంది. రోజాలే కావాలంటే హోసూరు, బెంగళూరు వైపు పాలీహౌసుల్లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్లలో, పండే డచ్ రోజాలను దండల వరకే తెప్పించండి. చామంతికి పొద్దు తక్కువ, రాత్రి ఎక్కువ ఉండాలి. అప్పుడే మొగ్గ తొడుగుతుంది. అందుకే వేసవి చామంతి తక్కువ, ఖరీదు, పైగా దూరం నుంచి వస్తుంది. మండపమంతా పచ్చ చామంతి కావాలని మే నెల పెళ్లికి పట్టుబట్టడం డబ్బు పారబోసుకోవడమే. ఆ పసుపు రంగు బంతితో తెచ్చుకోండి, లేదా పసుపు గుడ్డతో తెచ్చుకోండి. కార్నేషన్, జెర్బెరా లాంటి బొకే పూలను ఏసీ లేని మండపంలో పెట్టకండి.

శ్రావణం (జులై చివరి నుంచి ఆగస్టు వరకు) జాజుల కాలం. విరజాజి, సన్నజాజి బాగా వస్తాయి. మల్లె కన్నా సన్నగా, తేలిగ్గా ఉంటాయి, కట్టడానికి చేయి తిరిగినవాళ్లు కావాలి, వాడిపోవడం కూడా తొందరే. తామరలు, మొగలి రేకులు కూడా దొరుకుతాయి. కోసిన తామరమొగ్గ తనంతట తాను విచ్చుకోదు. రేకులను చేత్తో లోపలికి మడవాలి. మడిచిన కొన్ని గంటలకే అంచులు నల్లబడతాయి కనుక ముహూర్తానికి రెండు గంటల ముందు మాత్రమే మడిపించండి. మొగలి రేకులను జడలో పెట్టేముందు అంచుల ముళ్లు కత్తిరించాలి. ఇంకో మాట: శివుడి పూజకు మొగలి పనికిరాదు. మహానందిలోనో యాగంటిలోనో పెళ్లి పెట్టుకుంటే పూజ బుట్టలో మొగలి లేకుండా చూసుకోండి.

ఈ మాసంలో అసలు చిక్కు వానతో కాదు, వరలక్ష్మీ వ్రతంతో. ఆ శుక్రవారానికి ముందు రెండు రోజులు ప్రతి ఇంటికీ పూలు కావాలి. మీ పెళ్లి ఆ వారంలో పడితే ధర గురించి ముందే మాట్లాడుకుని కాగితం మీద రాయించుకోండి. పూలంగడాయన నోటిమాటగా 'చూద్దాం లేమ్మా' అన్నాడంటే, ఆ రోజు రేటు మీరే కడతారని అర్థం.

కార్తీక, మార్గశిరాలు (నవంబరు, డిసెంబరు) బంతి, చామంతి పండగ. రంగు, బరువు, నిలకడ అన్నీ ఈ కాలంలోనే. కనకాంబరం కూడా బాగుంటుంది. అయితే కడప వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఈశాన్య రుతుపవనాల వాన, తుపాను ముసురు కడప మీద గట్టిగానే పడతాయి. తడిసిన బంతి లోపల రేకుల మొదట్లో కుళ్లుతుంది, పైకి తెలియదు. ఒక పువ్వును సగానికి విరిచి చూడండి. లోపల నల్లగా, జిగటగా ఉంటే ఆ మూట వద్దు. పైగా తడి పూలు బరువు తూగుతాయి, అంటే కిలోకు వచ్చే పూలు తక్కువ. వాన రోజుల్లో లెక్క కన్నా నాలుగో వంతు ఎక్కువ చెప్పుకోండి.

ఎక్కడి నుంచి తెప్పించాలి

అనంతపురానికి బెంగళూరు సుమారు 200 కిలోమీటర్లు, హిందూపురానికి అందులో సగమే. బెంగళూరు కేఆర్ మార్కెట్‌లో తెల్లవారకముందే టోకు బేరాలు మొదలవుతాయి. కర్నూలుకు హైదరాబాదు గుడిమల్కాపూర్ మార్కెట్, బెంగళూరు రెండూ దారే. కడపకు తిరుపతి వైపు నుంచి, బెంగళూరు నుంచి వస్తాయి. ఎక్కడి నుంచైనా సరే, వేసవిలో పగటి బస్సు మీద పూల పెట్టె వేయించకండి. రాత్రి బయల్దేరి తెల్లవారి నాలుగైదింటికి దిగాలి. దిగే చోట మీ మనిషి ఉండాలి. బస్టాండులో గంటసేపు ఎండలో పడి ఉన్న పెట్టెలో రోజాలు ఉడికిపోతాయి.

సూత్రం ఒక్కటే: ఎక్కువ మోతాదులో కావలసినవి దగ్గర ఊళ్లలో పండినవి, కొద్దిగా కావలసినవి దూరం నుంచి. గుమ్మాలు, స్తంభాలు, తోరణాలు చుట్టుపక్కల మండలాల బంతితో నడవాలి. డచ్ రోజాలు, ఆర్కిడ్లు రెండు దండలకు, కూర్చునే చోట వెనకాల అలంకరణకు చాలు.

లెక్క కట్టడం

ముందు ఎక్కడెక్కడ పూలు కావాలో గదుల వారీగా రాయండి: గౌరీపూజ విడిపూలు, గుమ్మం దండలు, మండపం, మార్చుకునే దండలు, ముహూర్తం దండలు, పూలజడ, చెండ్లు, తలంబ్రాల్లో కలిపే రేకులు, ఆడవాళ్లకు పంచే మూరలు, కారు, శోభనం గది. ఎక్కువగా మర్చిపోయేవి చెండ్లు, కారు.

గుమ్మం వెడల్పు మూడున్నర అడుగులు, ఎత్తు ఏడు అడుగులైతే రెండు పక్కలా పైనా కలిపి పదిహేడున్నర. పైన కాస్త వంపు వేలాడాలి కాబట్టి 20 అడుగులు. లావు బంతిని మధ్యలో సూది దించి ఒత్తుగా గుచ్చితే కిలోకు సుమారు 10 అడుగులు వస్తుంది, అంటే ఒక గుమ్మానికి రెండు కిలోలు. ఎనిమిది అడుగుల స్తంభం, మూడు అడుగుల చుట్టుకొలత, అడుగుకో చుట్టు చొప్పున తిప్పితే 25 అడుగులు పడుతుంది. నాలుగు స్తంభాలకు వంద అడుగులు, పది కిలోలు. పువ్వు సైజును బట్టి ఇది మారుతుంది కనుక ముందు పావుకిలో గుచ్చించి టేపుతో కొలవండి, దాన్ని నాలుగుతో హెచ్చించండి. పది నిమిషాల పని, వేల రూపాయలు మిగులుతాయి.

మల్లెమొగ్గ చాలా తేలిక. కట్టే ఒత్తును బట్టి కిలోకు 25 నుంచి 35 మూరలు వస్తాయి. రెండొందల మంది ఆడవాళ్లకు తలా అర మూర అంటే వంద మూరలు, కాబట్టి నాలుగు కిలోలు చెప్పుకోవచ్చు. కనకాంబరం కిలో ధర విని అదిరిపడకండి. ఆ పువ్వుకు బరువే ఉండదు, వంద గ్రాములు కొంటేనే బోలెడన్ని మూరలు. కట్టిన పూలు కొనేటప్పుడు మూర అంటే ఎవరి మూర అని అడగండి. మోచేతి నుంచి వేలి చివరిదాకా 18 అంగుళాలు అనుకుంటే, అమ్మేవాళ్ల చేతిలో అది 14 అంగుళాలు కావడం మామూలే. పెద్ద మోతాదులో అడుగుల లెక్కన మాట్లాడుకోవడం మేలు.

డచ్ రోజాలు 20 కాడల కట్ట, కార్నేషన్ 20, జెర్బెరా 10 చొప్పున వస్తాయి. వీటిలో పదికి ఒకటి పనికిరాదని ముందే వేసుకోండి.

దండలు

పెళ్లిలో అందరి కళ్లూ పడేది, అన్ని ఫొటోల్లో ఉండేది ఇవే. ఖర్చు తగ్గించాలంటే మండపంలో తగ్గించండి, దండల దగ్గర తగ్గించకండి.

పొడవు: భుజం మీద నుంచి మోకాలికి నాలుగు వేళ్ల పైదాకా కొలిచి, దాన్ని రెండింతలు చేసి, మెడ వెనక తొమ్మిది అంగుళాలు కలపండి. ఇద్దరికీ ఒకే కొలత ఇస్తే పెళ్లికూతురి దండ కుచ్చిళ్ల మీదికి దిగి, కూర్చున్నప్పుడు నలుగుతుంది. ఇద్దరినీ వేర్వేరుగా కొలవండి.

బరువు: రోజాలతో ఒత్తుగా గుచ్చి నీళ్లు చల్లిన దండ రెండు మూడు కిలోలు తూగుతుంది. రెండు గంటలు పీటల మీద కూర్చునేసరికి మెడ లాగేస్తుంది. మెడ భాగంలో పూలు లేకుండా జరీ రిబ్బనో మెత్తటి గుడ్డో చుట్టించండి. మార్చుకునే దండ లావుగా, ముహూర్తం దండ తేలిగ్గా చేయించుకోవడం తెలివైన పని.

రోజా రేకుల దండ అందంగానే ఉంటుంది. కానీ రేకులు నీరు కోల్పోయి పలచబడతాయి, నాలుగైదు గంటలకు దారం మధ్య మధ్యలో బయటపడుతుంది. దాన్ని ముహూర్తానికి మూడు గంటలకు మించి ముందుగా గుచ్చనివ్వకండి. గుచ్చేటప్పుడు ప్రతి జానెడుకూ కిందికి నొక్కి, చివర లావుపాటి ముడి వేయమనండి.

లిల్లీ పూలు, అంటే నేలసంపెంగ మొగ్గలు, దండలకు వెన్నెముక లాంటివి. తెల్లగా గట్టిగా నిలుస్తాయి. వాసన కావాలంటే ఒంటిరేకువి అడగండి. ముద్దపూలకు వాసన తక్కువ. వీటికీ, పెద్ద పెద్ద రేకులతో పూలబొకేల్లో వచ్చే ఓరియంటల్ లిల్లీకీ సంబంధం లేదు. ఆ లిల్లీ మధ్యలోని కేసరాల పుప్పొడి ధర్మవరం పట్టు మీద పడితే మరక వదలదు. పువ్వు విచ్చగానే కేసరాలను వేళ్లతో తుంచేయమని డెకరేషన్ వాళ్లకు చెప్పండి. పొరపాటున పుప్పొడి పడితే తడి చేత్తో తుడవొద్దు. సెల్లోటేపు అద్ది తీయండి.

నీలం, ఆకుపచ్చ చామంతులు, మెరిసే ఊదా పూలు చూపిస్తే చాలావరకు రంగు కొట్టినవే. తడిగుడ్డతో రేకును రుద్దండి. గుడ్డకు అంటితే చీరకూ అంటుతుంది.

పూలజడ

జడ పొడవు కొలిచి, అసలు జడ కన్నా రెండు అంగుళాలు తక్కువగా చెప్పండి. కింద కుప్పెలు రావాలి కదా. మొగ్గలు అన్నీ ఒకే సైజులో ఉండాలి, విచ్చినది ఒక్కటి కలిసినా అక్కడ మచ్చలా కనిపిస్తుంది. కుట్టడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. కాబట్టి అలంకరణ మొదలయ్యే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టి మొగ్గలు అందించండి. పూలు కట్టడానికి నైలాన్ దారం వద్దు, తొడిమను కోసేస్తుంది. తడిపిన అరటినారే మంచిది, పూలకు చెమ్మనూ ఇస్తుంది.

పెళ్లికి ముందు రాత్రి

పెళ్లింట్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే: పూల బుట్టలు, అరటి గెలలు, మామిడిపళ్లు అన్నీ చల్లగా ఉంటుందని ఒకే గదిలో పెట్టడం. పండే పళ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. అది తగిలితే కార్నేషన్లు ముడుచుకుపోతాయి, ఆర్కిడ్లు వాలిపోతాయి, రోజాలు తొందరగా రాలతాయి. పళ్లకు ఒక గది, పూలకు ఒక గది. ఇంట్లో ఫ్రిజ్ వాడితే కూరగాయలు, పళ్లు ముందు తీసేయండి.

కాడలున్న రోజాలు రాగానే కింది ఆకులు తీసి, కాడ చివర అంగుళం మేర ఏటవాలుగా, నీళ్లలో ముంచి ఉంచే కోయండి. గాలి బుడగ కాడలోకి పోతే నీరు పైకి ఎక్కదు, పువ్వు మెడ వాలుస్తుంది. నాలుగైదు గంటలు బకెట్ నీళ్లలో నీడన ఉంచాకే వాడాలి. జెర్బెరాకు మాత్రం రెండు మూడు అంగుళాల నీళ్లే. లోతు ఎక్కువైతే కాడ కుళ్లుతుంది. ఆర్కిడ్లను ఐసు పెట్టెలో పెట్టకండి, చలికి రేకులు నీరుకారినట్టవుతాయి.

కట్టిన మల్లెలను తడి అరటాకులో చుట్టి, థర్మాకోల్ పెట్టెలో ఉంచండి. అడుగున ఐసు, దాని మీద నాలుగు పొరల పేపరు, ఆపైన ఆకు పొట్లం. ఐసు పువ్వుకు తగిలితే ఆ చోట నల్లబడుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ కవరులో బిగించి కడితే లోపల ఆవిరి పట్టి మచ్చలొస్తాయి. బంతిని గోనె సంచుల్లో కుక్కి రాత్రంతా వదలొద్దు, మధ్యలో వేడెక్కి మెత్తబడుతుంది. దిగగానే చాప మీద పలచగా పరచండి, నీళ్లు చల్లొద్దు.

మండపంలో ఫోకస్ లైట్లు పూలకు కనీసం మూడు అడుగుల దూరంలో ఉండాలి. నిలువు ఫ్యాను గాలి నేరుగా మల్లె తెర మీదికి కొడితే గంటలో ఎండిపోతుంది. ఫ్యానును జనం వైపు తిప్పించండి.

శోభనం గది పూలు పెళ్లి పూలతో కలిపి తెప్పించకండి. వాటికి వేరే ఆర్డరు, ఆ రోజు పొద్దున కోసిన మొగ్గలు, సాయంత్రం నాలుగింటికి ఇంటికి చేరేలా చెప్పుకోండి.